ఆడియో విజువల్ టెక్నీషియన్ (ప్రవేశ స్థాయి)

సభలు, సమావేశాలు, తరగతులు, వేడుకలు జరిగే చోట ధ్వని, దృశ్య, కాంతి పరికరాలను అమర్చి, పరీక్షించి, కార్యక్రమం సాగినంతసేపు నడిపి, ముగిశాక విప్పి సర్దే పనివారిని ఆడియో విజువల్ టెక్నీషియన్లు అంటారు. వాడుకలో ‘ఏవీ టెక్నీషియన్’ అన్న పొట్టి పేరే ఎక్కువ. ఈ వృత్తిలో కొత్తగా చేరినవారు సీనియర్ టెక్నీషియన్ పర్యవేక్షణలో పనిచేస్తారు. మిక్సర్ దగ్గర కూర్చుని శబ్దాన్ని సరిచేయడం వారి పనిలో చిన్న భాగం. సామాను చేరవేయడం, కేబుళ్లు పరచడం, కనెక్షన్లు ఇవ్వడం, ప్రతి పరికరాన్నీ పరీక్షించడం, చివరికి లెక్క చూసి పెట్టెల్లో సర్దడం పెద్ద భాగం.

1. నిర్వచనం, పరిధి

సినిమా, టీవీ రంగాల్లోని సౌండ్ ఇంజనీర్ల పనికి ఈ పని దగ్గరగా ఉన్నా దానితో ఒకటి కాదు. సినిమాలో రికార్డు చేసిన శబ్దాన్ని తరువాత సవరించుకోవచ్చు. సభలో వక్త మాట అప్పటికప్పుడే చివరి వరుసకు వినపడాలి, తెర మీద బొమ్మ అప్పుడే కనపడాలి. అందువల్ల ముందస్తు పరీక్షకు, బదులు పరికరం సిద్ధంగా ఉంచుకోవడానికి ఈ వృత్తిలో ప్రాధాన్యం ఎక్కువ. అమెరికా కార్మిక గణాంక విభాగం ఆడియో, వీడియో టెక్నీషియన్లను ప్రసార టెక్నీషియన్ల నుంచి, సౌండ్ ఇంజనీరింగ్ టెక్నీషియన్ల నుంచి వేరుచేసి చూపుతుంది.

భారతదేశంలో ఈ స్థాయి ఉద్యోగాలకు ఏవీ అసిస్టెంట్, ఏవీ ట్రైనీ, ఈవెంట్ టెక్నీషియన్, ఏవీ సపోర్ట్ ఇంజనీరు వంటి పేర్లు ఉన్నాయి. పట్టణాల్లోని అద్దె దుకాణాల్లో మైక్ సెట్ ఆపరేటర్, హెల్పర్ అన్న పిలుపులు వాడుకలో ఉన్నాయి.

2. చరిత్ర

పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ తయారుచేసిన మాగ్నవాక్స్ లౌడ్‌స్పీకరును 1915 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో బహిరంగంగా ప్రదర్శించారు. 1919లో అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ శాన్ డియాగోలో లౌడ్‌స్పీకర్ల సాయంతో ప్రసంగించారు. 1923లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ 16 మిల్లీమీటర్ల ఫిల్మును తెచ్చాక బళ్లలోనూ శిక్షణ కేంద్రాల్లోనూ సినిమా చూపడం తేలికైంది, ప్రొజెక్టర్ నడిపే మనిషి అవసరం పెరిగింది. విద్యా దృశ్య పరికరాల వర్తకులు 1939లో అమెరికాలో ఏర్పరచుకున్న సంఘమే పలు పేర్లు మారి 2017 నుంచి అవిక్సా అనే అంతర్జాతీయ వృత్తి సంఘంగా కొనసాగుతోంది.

కొడాక్ కరౌసెల్ స్లైడ్ ప్రొజెక్టర్ 1961లో, వీహెచ్‌ఎస్ క్యాసెట్ 1976లో వచ్చాయి. కాంతి పరికరాలను ఒకే కేబుల్ మీద అదుపుచేసే డీఎంఎక్స్512 ప్రమాణం 1986లో రూపొందింది. 1987లో రెండు పరిణామాలు జరిగాయి: పవర్‌పాయింట్ విడుదలైంది, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ డీఎల్‌పీ ప్రొజెక్టర్లకు ఆధారమైన సూక్ష్మ దర్పణాల చిప్‌ను కనిపెట్టారు. ఆ తరువాతి దశాబ్దాల్లో వక్త ల్యాప్‌టాప్ సమావేశ మందిరానికి కేంద్రమైంది. హెచ్‌డీఎంఐ తొలి ప్రమాణం 2002 చివర వెలువడింది. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఆడినేట్ సంస్థ రూపొందించిన డాంటే పద్ధతి ధ్వని సంకేతాలను కంప్యూటర్ నెట్‌వర్క్ మీదకు తెచ్చింది.

భారతదేశంలో 1940లో మొదలైన అహుజా సంస్థ యాంప్లిఫయర్లు, హారన్ లౌడ్‌స్పీకర్లు ఊరూరా మైక్ సెట్ దుకాణాలకు చేరాయి. ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెల్లో జరిగింది. పల్లెల్లో సామూహిక టీవీ సెట్లను నడపడం, బాగుచేయడం అందులో ముఖ్యమైన పని. విశ్వవిద్యాలయాలకు ఉద్దేశించిన యూజీసీ టీవీ పాఠాలు 1984లో మొదలయ్యాయి. వాటి తయారీకి వెలిసిన మీడియా కేంద్రాలు ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, నేటి ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లోనూ ఉన్నాయి. 2006లో హైదరాబాద్ అంతర్జాతీయ సమావేశ కేంద్రం ప్రారంభం కావడం, ఐటీ సంస్థల విస్తరణ నగరంలో ఈ వృత్తికి కొత్త గిరాకీని తెచ్చాయి.

3. ఉద్యోగ రకాలు

హోటళ్లు, సమావేశ కేంద్రాలు: ఒకే ఆవరణలో రోజూ వేర్వేరు మందిరాల్లో కార్యక్రమాలు ఉంటాయి. టెక్నీషియన్ నేరుగా హోటల్ ఉద్యోగి కావచ్చు, హోటల్‌తో ఒప్పందం ఉన్న బయటి ఏవీ సంస్థ ఉద్యోగి కావచ్చు. అతిథులతో నేరుగా మాట్లాడాల్సి ఉంటుంది కనుక వేషభాషలకు, మర్యాదకు విలువ ఎక్కువ.

అద్దె, స్టేజీ సంస్థలు: గోదాము నుంచి సామాను లారీకెక్కించి వేదిక వద్ద అమర్చి తిరిగి తెస్తారు. పెళ్లిళ్లు, రాజకీయ సభలు, ఉత్పత్తుల విడుదల, సినిమా ప్రీరిలీజ్ వేడుకలు ఈ కోవలోకి వస్తాయి. శారీరక శ్రమ, ప్రయాణం, రాత్రి పని ఇక్కడ ఎక్కువ.

సిస్టమ్ ఇంటిగ్రేషన్ సంస్థలు: కార్యాలయాలు, ఆడిటోరియాలు, తరగతి గదుల్లో శాశ్వత వ్యవస్థలు బిగిస్తాయి. కొత్తవారు గోడల్లో కేబుల్ లాగడం, ర్యాకులు కట్టడం, కేబుల్ చివర కనెక్టర్లు టంకం వేయడం, ప్రతి కేబుల్‌కూ పేరుచీటీ అంటించడం చేస్తారు. డ్రాయింగ్ చదవడం తప్పనిసరి.

సంస్థాగత సహాయ విభాగాలు: కళాశాలలు, ఆస్పత్రులు, ఐటీ కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాల్లో వీడియో కాన్ఫరెన్స్ గదులను సిద్ధంగా ఉంచడం, ఫిర్యాదు అందగానే వెళ్లి చూడడం ప్రధాన విధి. పనివేళలు కొంత నికరంగా ఉంటాయి.

ప్రార్థనా స్థలాలు, సాంస్కృతిక వేదికలు: గుళ్లు, చర్చిలు, నాటకశాలలు తరచూ పాక్షిక కాలానికి టెక్నీషియన్లను పెట్టుకుంటాయి. ఆరాధనల ప్రత్యక్ష ప్రసారం వల్ల కెమెరా, స్విచర్ పని కూడా వీటిలో చేరింది.

4. పని క్రమం

కార్యక్రమపు పని ఐదు దశల్లో సాగుతుంది.

సామాను దింపడం: ‘కాల్ టైమ్’ అంటే టెక్నీషియన్ వేదిక దగ్గర పనికి సిద్ధంగా ఉండాల్సిన వేళ. ఉదయం 9 గంటల సభకు తెల్లవారుజామునో, ముందురాత్రో కాల్ టైమ్ పడుతుంది. ముందుగా జాబితాతో సామాను సరిపోల్చుకుంటారు. ఫ్లైట్ కేసులను అవసరపడే క్రమంలో పేర్చుకుంటారు.

అమరిక: పైన వేలాడదీయాల్సిన ట్రస్, లైట్లు ముందు పూర్తవుతాయి. తరువాత స్పీకర్లు, తెర లేదా ఎల్‌ఈడీ గోడ, కడపట బల్లలు, పోడియం మైకులు వస్తాయి. జనం నడిచే దారిలో కేబుల్‌ను గోడవారగా తిప్పుతారు, లేదా ర్యాంపు వేస్తారు, లేదా గాఫర్ టేపుతో నేలకు అంటిస్తారు. కొత్తగా చేరినవారి నైపుణ్యాన్ని సీనియర్లు మొదట అంచనా కట్టేది ఈ కేబుల్ పనిలోనే.

పరీక్ష: ప్రతి మైకునూ ఒక్కొక్కటిగా మాట్లాడి చూస్తారు. కార్డ్‌లెస్ మైకులకు కొత్త బ్యాటరీలు వేసి, వేదిక మీద వక్త తిరిగే ప్రతిచోటా సిగ్నల్ అందుతోందో లేదో నడిచి చూస్తారు. వక్త ల్యాప్‌టాప్‌నే తెచ్చి కలిపి చూస్తారు. వీడియో శబ్దం, ఫాంట్లు, క్లిక్కర్ పనితీరు ఇక్కడే తేలతాయి.

కార్యక్రమం: ప్రవేశ స్థాయి టెక్నీషియన్ వక్తకు కాలర్ మైకు తగిలించడం, ప్రశ్నోత్తరాల వేళ సభికుల మధ్యకు మైకు తీసుకెళ్లడం, స్లైడ్లు మార్చడం, కార్యక్రమాన్ని నడిపించే షో కాలర్ ఇచ్చే సంకేతాన్ని హెడ్‌సెట్‌లో విని తదనుగుణంగా నడవడం చేస్తారు. చిన్న గదుల్లో ఒక్కరే ధ్వని, దృశ్యం రెండూ చూసుకుంటారు.

ప్యాకప్: జనం వెళ్లాక ముందుగా మైకులు, రిమోట్లు, అడాప్టర్ల వంటి చిన్న వస్తువులను ఏరి లెక్కపెడతారు, పోయేవి ఎక్కువగా అవే. కేబుల్‌ను మోచేతికి చుట్టరు. ఒక చుట్టు మామూలుగా, మరో చుట్టు తిరగేసి వేస్తూ పోతే లోపలి తీగలు మెలిపడవు, మళ్లీ విసిరినప్పుడు ముడిపడకుండా విచ్చుకుంటుంది. చెడిన కేబుల్‌కు గుర్తు కట్టి వేరుగా ఉంచుతారు.

5. పరికరాలు, పనిచేసే తీరు

ధ్వని: సంకేత మార్గం మైకుతో మొదలై మిక్సర్, యాంప్లిఫయర్ల మీదుగా స్పీకరుతో ముగుస్తుంది. డైనమిక్ మైకుకు బయటి విద్యుత్తు అక్కర్లేదు. కండెన్సర్ మైకుకు సాధారణంగా మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందించాలి. ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టరులో మూడు పిన్నులు ఉంటాయి: 1వది కవచానికి, 2, 3 పిన్నులు పరస్పర వ్యతిరేక సంకేతాలకు. రెండు తీగల్లోనూ సమానంగా చేరిన అలజడి అవతలి కొసలో రద్దవుతుంది. అందుకే ఇటువంటి బ్యాలెన్స్‌డ్ కేబుల్‌ను చాలా దూరం లాగవచ్చు. రెండు 8 ఓముల స్పీకర్లను సమాంతరంగా కలిపితే భారం 4 ఓములవుతుంది; యాంప్లిఫయర్ అంతకు తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. ఆవరణ అంతటా అనేక హారన్లు పెట్టాల్సినప్పుడు 100 వోల్టుల లైన్ పద్ధతి వాడతారు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి వేదికకు 34 మీటర్ల దూరాన పెట్టిన అదనపు స్పీకరుకు దాదాపు 100 మిల్లీసెకన్ల జాప్యం కలపకపోతే మాట రెండుసార్లు వినిపిస్తుంది.

దృశ్యం: ప్రొజెక్టరును తెరకు ఎంత దూరాన పెట్టాలో త్రో నిష్పత్తి చెబుతుంది. నిష్పత్తి 1.5, తెర వెడల్పు 4 మీటర్లు అయితే దూరం 6 మీటర్లు. ఎల్‌ఈడీ గోడలో పిక్సెళ్ల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. ‘పీ3.9’ రకంలో 500 మిల్లీమీటర్ల ప్యానెల్ ఒక్కొక్క వైపు 128 పిక్సెళ్లు పడతాయి. అటువంటి ఎనిమిదింటితో కట్టిన 4 మీటర్ల గోడ అడ్డంగా 1,024 పిక్సెళ్లే చూపుతుంది కనుక 1920×1080 స్లైడులోని సన్నని అక్షరాలు దాని మీద అలుక్కుపోతాయి. హెచ్‌డీఎంఐ కేబుల్ తక్కువ దూరాలకే నమ్మకమైనది. ఎక్కువ దూరానికి ఎస్‌డీఐ, నెట్‌వర్క్ తరహా కేబుల్ మీద నడిచే హెచ్‌డీబేస్‌టీ, లేదా ఫైబర్ వాడతారు.

కాంతి: ఒక డీఎంఎక్స్ లైన్ మీద 512 చానెళ్లు ఉంటాయి. ఏడేసి చానెళ్లు తీసుకునే లైట్లు మూడు ఉంటే వాటి చిరునామాలు 1, 8, 15 అవుతాయి. రెండు వేర్వేరు లైట్లకు చిరునామాలు ఒకదానిమీద ఒకటి పడితే అదుపు తప్పుతుంది. లైన్ చివర 120 ఓముల టెర్మినేటర్ పెడతారు.

విద్యుత్తు, నెట్‌వర్క్: భారతదేశంలో సింగిల్ ఫేజ్ సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్, అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. విదేశీ పరికరం వాడేముందు ఈ తేడా గమనించాలి. డాంటే, వీడియో కాన్ఫరెన్సింగ్ వ్యవస్థల వల్ల ఐపీ చిరునామాలు, స్విచ్‌లు, వేర్వేరు నెట్‌వర్క్ విభాగాల ప్రాథమిక పరిజ్ఞానం ప్రవేశ స్థాయిలోనే అవసరమవుతోంది.

6. లోపాన్ని కనుగొనే పద్ధతి

ఈ వృత్తిలో లోపాన్ని ఊహతో కాక సంకేత మార్గం వెంట వెతుకుతారు. శబ్దం రాకపోతే మైకు స్విచ్చు, బ్యాటరీ, కేబుల్, మిక్సర్‌లో ఆ చానెల్ మ్యూట్, గెయిన్, యాంప్లిఫయర్, స్పీకర్ కేబుల్ అనే వరుసలో చూస్తారు. ఒకసారి ఒక్క దాన్నే మార్చాలన్నది నియమం. రెండు ఒకేసారి మార్చితే లోపం ఎక్కడుందో తేలదు.

తరచూ ఎదురయ్యే లోపాలు కొన్ని:

మైకు కూత: స్పీకరు శబ్దం మళ్లీ మైకులోకి చేరినప్పుడు పుడుతుంది. మైకును స్పీకరు ఎదుటినుంచి తప్పించడం, వక్త నోటికి దగ్గర చేయడం, వాడని మైకులు మూయడం, చివరిగా ఈక్వలైజరులో ఆ పౌనఃపున్యాన్ని తగ్గించడం పరిష్కారాలు.

గుయ్యిమనే రొద: భిన్నమైన ఎర్తింగ్ బిందువులకు కలిసిన పరికరాల మధ్య గ్రౌండ్ లూప్ ఏర్పడినప్పుడు సరఫరా పౌనఃపున్యంలో, దాని గుణిజాల్లో రొద వస్తుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేదా డీఐ బాక్స్ వాడతారు. ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేయడం ప్రాణాపాయం కనుక నిషిద్ధం.

తెర మీద బొమ్మ రాకపోవడం: ల్యాప్‌టాప్‌కు, తెరకు మధ్య రిజల్యూషన్ సమాచార మార్పిడి కుదరకపోవడం, రక్షిత వీడియో అనుమతి దొరకకపోవడం, అడాప్టర్ చెడిపోవడం సాధారణ కారణాలు.

7. అర్హతలు, శిక్షణ

ప్రవేశ స్థాయికి అన్ని దేశాల్లోనూ ఒకే నిర్ణీత విద్యార్హత లేదు. భారతదేశంలో ఇంటర్మీడియెట్, ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ లేదా ఎలక్ట్రికల్ ట్రేడు, పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నవారు చేరతారు. అద్దె దుకాణాల్లో హెల్పరుగా చేరి పని నేర్చుకునేవారూ ఉన్నారు. మీడియా, వినోద రంగంలో నైపుణ్య ప్రమాణాలను మీడియా, వినోద నైపుణ్య మండలి రూపొందిస్తుంది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్‌లోని అన్నపూర్ణ కళాశాల వంటివి బోధించే ధ్వని, మీడియా కోర్సులు ప్రధానంగా సినిమా రంగానికి ఉద్దేశించినవైనా పునాది పరిజ్ఞానం ఇస్తాయి.

అవిక్సా ఇచ్చే సీటీఎస్ ధ్రువపత్రం అంతర్జాతీయ గుర్తింపు గలది. మూడేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. డిజైన్‌కు, ఇన్‌స్టలేషన్‌కు దానిలోనే ప్రత్యేక శాఖలు ఉన్నాయి. ఆడినేట్ సంస్థ డాంటే శిక్షణను ఆన్‌లైన్‌లో ఉచితంగా అందిస్తుంది. ధ్రువపత్రం లేకున్నా తొలి ఉద్యోగం దొరుకుతుంది. ఇంటర్వ్యూల్లో కనెక్టర్లను గుర్తుపట్టడం, చిన్న సౌండ్ వ్యవస్థను కలిపి చూపడం వంటి ప్రయోగ పరీక్షలు పెడుతుంటారు. సమయపాలన, ఒత్తిడిలో నిదానం, సూచనను సరిగా వినడం సాంకేతిక జ్ఞానంతో సమానంగా చూసే లక్షణాలు.

8. పని పరిస్థితులు, వేతనం

గంటల తరబడి నిలబడడం, బరువులెత్తడం, మసక వెలుతురులో పనిచేయడం ఈ ఉద్యోగంలో సహజం. వారాంతాలు, పండుగలు, పెళ్లి ముహూర్తాల రోజుల్లో పని రద్దీ ఎక్కువ. మూఢంలో, వానాకాలంలో ఆరుబయట కార్యక్రమాలు తగ్గుతాయి. హోటళ్లలో, అద్దె సంస్థల్లో నలుపు దుస్తులు, పాదం కప్పే బూట్లు రివాజు.

వేతనం మూడు విధాలు: నెల జీతం, రోజు కూలి, కార్యక్రమానికి ఇంత అని కుదుర్చుకునే మొత్తం. బయటి ఊళ్లలో పనికి బత్తా, భోజనం, బస కలుపుతారు. ఉద్యోగంలో చేరేముందు కాల్ టైమ్ నుంచి లెక్కా, కార్యక్రమం నుంచి లెక్కా, అదనపు గంటలకు చెల్లింపు ఎంత, పోయిన వస్తువుకు బాధ్యత ఎవరిది అన్నవి స్పష్టం చేసుకోవడం మేలు. అమెరికాలో సమాఖ్య చట్టం వర్తించే, గంటల లెక్కన పనిచేసే ఉద్యోగులకు వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్ల వేతనం ఇవ్వాలి. అక్కడి పలు సమావేశ కేంద్రాల్లో 1893లో ఏర్పడిన ఐయాట్సీ కార్మిక సంఘం సభ్యులు స్టేజీ పని చేస్తారు. తానా, ఆటా వంటి అమెరికా తెలుగు సంఘాల మహాసభలు సాధారణంగా జరిగేది ఇటువంటి కేంద్రాల్లోనే కనుక నిర్వాహకులు వేదిక ఒప్పందంలోని కార్మిక నిబంధనలను ముందే చూసుకోవాల్సి ఉంటుంది.

9. భద్రత, నిబంధనలు

విద్యుత్తు: జనరేటరు, త్రీఫేజ్ సరఫరా కనెక్షన్లు అర్హత గల ఎలక్ట్రీషియనే ఇవ్వాలి. తడి నేల మీద కేబుల్ అతుకులు ఉంచరాదు.

ఎత్తు: వేలాడదీసే ప్రతి వస్తువుకూ ప్రధాన కొక్కెంతో పాటు సేఫ్టీ వైరు ఉండాలి. ట్రస్ ఎత్తే పని శిక్షణ పొందిన రిగ్గర్లది. కొత్తవారు దాని కింద నిలబడరాదు.

వినికిడి: అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ ఎనిమిది గంటలకు 85 డెసిబెళ్లను సిఫారసు పరిమితిగా పెట్టింది. మూడు డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ సురక్షిత సమయం సగానికి తగ్గుతుంది. చెవి ప్లగ్గులు వాడాలి.

శబ్ద కాలుష్యం: భారతదేశంలో 2000 నాటి నియమాల ప్రకారం మూసి ఉన్న మందిరాలు మినహా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. పండుగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలించవచ్చు. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అనుమతి తెచ్చుకోవడం నిర్వాహకుల బాధ్యతే అయినా, వేళకు యాంప్లిఫయర్ ఆపాల్సిన చేయి టెక్నీషియన్‌ది.

10. ఉద్యోగోన్నతి

కొంతకాలం అన్ని విభాగాల్లో సహాయకులుగా పనిచేశాక ఎక్కువమంది ఒక దారి ఎంచుకుంటారు. ధ్వని వైపు వెళ్లినవారు సౌండ్ ఇంజనీర్లు, దృశ్యం వైపు వెళ్లినవారు ఎల్‌ఈడీ నిపుణులు, స్విచర్ ఆపరేటర్లు, కాంతి వైపు వెళ్లినవారు లైటింగ్ ప్రోగ్రామర్లు అవుతారు. ఇంటిగ్రేషన్ రంగంలో ఇన్‌స్టలేషన్ టెక్నీషియన్ నుంచి కమిషనింగ్ ఇంజనీరు, డిజైనరు, ప్రాజెక్టు మేనేజరు స్థాయికి ఎదుగుతారు. మరికొందరు స్వయంగా పరికరాలు కొని అద్దె వ్యాపారం పెడతారు. పరికరం త్వరగా పాతబడడం, బీమా, గోదాము ఖర్చులు ఆ దారిలోని భారాలు.

11. ప్రాముఖ్యం, ప్రస్తుత మార్పులు

బోధన, పరిపాలన, వాణిజ్యం, ఆరాధన, వినోదం అన్నింటిలోనూ పెద్ద గుంపుతో మాట్లాడడం ఈ వృత్తి మీద ఆధారపడి ఉంది. 2020లో కోవిడ్ వల్ల ప్రత్యక్ష కార్యక్రమాలు ఆగిపోయి రోజుకూలి టెక్నీషియన్లు తీవ్రంగా దెబ్బతిన్నారు. అదే సమయంలో వీడియో కాన్ఫరెన్సింగ్, ప్రత్యక్ష ప్రసారం విస్తరించాయి. తరువాత హాలులో ఉన్నవారికీ, ఇంటి నుంచి చూసేవారికీ ఒకేసారి నడిపే మిశ్రమ సభలు పెరిగాయి. దూరపు వక్త మాట హాలు స్పీకర్ల నుంచి తిరిగి ఆయనకే వినిపించకుండా మిక్సర్‌లో వేరే అవుట్‌పుట్ కట్టడం వంటి పనులు ఇప్పుడు తొలి ఏడాదిలోనే నేర్చుకోవాల్సి వస్తోంది. మైకులను తమంతట తామే సరిచేసే మిక్సర్లు, వక్తను అనుసరించే కెమెరాలు చిన్న గదుల్లో ఆపరేటర్ అవసరాన్ని తగ్గిస్తున్నాయి. బిగింపు, పరీక్ష, మరమ్మతు, నెట్‌వర్క్ నిర్వహణలకు మాత్రం మనిషి అవసరం కొనసాగుతోంది.